ప్లాస్టిక్ తీసేసి మన ఊళ్ళ సామాను పెట్టుకోవాలంటే: విశాఖలో ఎక్కడ, ఎలా?

ఉప్పుగాలి
అందరికీ నమస్కారం. మాది ఎంవీపీ కాలనీ. ఈ మధ్యనే సొంత ఫ్లాట్‌లోకి మారాం. సామాను సర్దుతుంటే వంటింట్లో ప్లాస్టిక్ ఎంత పేరుకుపోయిందో కళ్ళకు కట్టినట్టు కనిపించింది. డబ్బాలు, జల్లెడలు, చేట, చెత్త ఎత్తే తట్ట, చీపురు పిడి, చివరికి పిల్ల ఆడుకునే వంట సెట్టు కూడా అదే. వీటిలో చాలావాటికి మన చుట్టుపక్కల ఊళ్ళలోనే చేతితో చేసిన సామాను దొరుకుతుందని తెలుసు. అయితే ఏది నిజంగా రోజూ వాడుకోవడానికి పనికొస్తుంది, ఏది షోకేసులోకే పరిమితం? సముద్రం పక్కన తేమకి వెదురుకు పురుగు పడుతుందని, బూజు పడుతుందని భయపెడుతున్నారు. వాడి చూసినవాళ్ళు చెప్పండి. ఎక్కడ కొనాలో కూడా.

పెందుర్తి_అత్తయ్య
అమ్మా, ముందు చేటతో మొదలుపెట్టు. బియ్యం, పప్పులు చెరగడానికి ప్లాస్టిక్ చేట దేనికీ పనికిరాదు. అది నున్నగా ఉంటుంది కదా, కొడుతుంటే రాయి, గింజ కలిసే జారిపోతాయి. వెదురు చేటకు ఆ అల్లిక గరుకే బలం. మెరిక అక్కడ ఆగుతుంది, పొట్టు ఎగిరిపోతుంది.

కొత్త చేట తేగానే అలాగే వాడేయకూడదు. మా ఇంట్లో ఇప్పటికీ చేసే పని చెబుతాను. పాత న్యూస్ పేపర్లు చింపి నీళ్ళలో రెండు మూడు రోజులు నానబెట్టాలి. మెంతులు విడిగా రాత్రంతా నానబెట్టాలి. పొద్దున రెండూ కలిపి మెత్తగా రుబ్బితే జిగురు జిగురుగా గుజ్జు వస్తుంది. మెంతి జిగురే దానికి పట్టు. ఆ గుజ్జును చేట వెనకవైపు చేత్తో ఒత్తుతూ పలచగా పూయాలి. సందుల్లోకి దిగాలి, పైన గడ్డలు కట్టకూడదు. పూశాక తడి చేత్తో ఒకసారి నిమిరితే నున్నగా వస్తుంది. ముందు నీడలో ఆరనిచ్చి తర్వాత ఎండలో పెట్టాలి. తడిగా ఉండగానే ఎండలో పెడితే పగుళ్ళు వస్తాయి. ఇలా చేస్తే పిండి, సన్న రవ్వ సందుల్లోంచి కారవు. మెంతి చేదుకి పురుగు కూడా అంతగా జోలికి రాదు.

ఇదే గుజ్జును బోర్లించిన గిన్నె మీద మందంగా పూసి, ఆరాక ఊడదీస్తే బుట్ట తయారవుతుంది. ఉల్లిపాయలు, వెల్లుల్లి పోసుకోవచ్చు. నీళ్ళు మాత్రం తగలనీయకూడదు.

కంచరపాలెం_కుర్రాడు
అత్తయ్యగారూ, చెప్పింది బాగానే ఉంది. కానీ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో కాగితాలు నానబెట్టి రుబ్బేది ఎవరు? ఇంకో మాట కూడా నిజాయితీగా అంటున్నా, తప్పుగా అనుకోవద్దు. రైతు బజార్ బయట వెదురు బుట్టకి చెప్పే ధరతో ప్లాస్టిక్ బుట్టలు మూడు వస్తాయి. జీతంతో నెట్టుకొచ్చేవాళ్ళకి ఇది కుదిరే పనేనా? అక్కడ బేరం ఆడితే సగానికి ఇస్తున్నారు కూడా. అంటే అసలు ధర ఎంతో ఎలా తెలుస్తుంది?

వెదురిల్లు
బాబూ, మీరు అడిగింది సబబైన ప్రశ్నే. మాది మేదర కుటుంబం. మా నాన్న, మేనత్తలు ఇప్పటికీ అల్లుతారు. నేను స్టీల్ ప్లాంట్ వైపు కాంట్రాక్ట్ పని చేస్తున్నా. సెలవు దొరికితే నేనూ కత్తి పడతాను. కొంచెం వివరంగా చెబుతా.

సగం ధరకు ఎందుకు ఇస్తారంటే, చీకటి పడుతుంటే ఆ బుట్టలన్నీ మళ్ళీ నెత్తిన పెట్టుకుని ఇంటికి మొయ్యలేక ఇస్తారు. అది అసలు ధర కాదు. ఆ రోజు బస్ చార్జీలు, బియ్యం డబ్బులు వస్తే చాలనుకునే ధర.

పని ఎలా ఉంటుందో చూడండి. ముందు ముదురు వెదురు దొరకాలి. మూడేళ్ళు దాటిన బొంగు అయితే మంచిది. లేత బొంగులో పిండిపదార్థం ఎక్కువ, దానికే పొడి పురుగు పడుతుంది. ఉప్పుగాలి గారు భయపడుతున్న పురుగు అదే. బుట్ట కింద సన్నగా పసుప్పచ్చ పొడి రాలుతుంటే పురుగు లోపల ఉన్నట్టు. అందుకే తెలిసినవాళ్ళు కొట్టిన బొంగును కొన్ని రోజులు నీళ్ళలో నానేస్తారు. పిండి కొంత నీళ్ళలోకి పోతుంది. పాతకాలంలో పొయ్యి పైన అటక మీద బుట్టలు పెట్టేవాళ్ళు, పొగ పట్టిన బుట్టకి పురుగు రాదు.

నానిన తర్వాత కణుపులు చెక్కి నిలువునా చీల్చాలి. ఒక్కో బద్దను మళ్ళీ పొరలుగా తీయాలి. పైపొర, అంటే పచ్చ తోలు ఉన్న బద్ద, గట్టిది. లోపలి పొర మెత్తగా, తెల్లగా ఉంటుంది, తొందరగా విరుగుతుంది. బజార్లో చవగ్గా అమ్మే బుట్టల్లో ఎక్కువగా లోపలి బద్దే ఉంటుంది. కొనేటప్పుడు బుట్ట తిరగేసి చూడండి. బద్దకు ఒకవైపు నిగనిగలాడే తోలు కనిపిస్తే అది పైపొరతో చేసింది, ఏళ్ళు వస్తుంది. తర్వాత అంచు చూడండి. అంచు కట్టు దగ్గర దగ్గరగా, బిగుతుగా ఉందా, వేలితో లాగితే కదులుతోందా? బుట్ట ముందు పాడయ్యేది అక్కడే.

ఇంత పనికి ఒక మనిషి రోజంతా కూర్చుంటే మహా అయితే రెండు మంచి బుట్టలు వస్తాయేమో. బద్ద అంచు బ్లేడులా ఉంటుంది. మా మేనత్త చూపుడువేలు పక్కన చర్మం మందమై నల్లగా మారిపోయింది. ప్లాస్టిక్‌తో పోలిస్తే మాది ఎక్కువే, కాదనను. కాకపోతే ఆ మూడు ప్లాస్టిక్ బుట్టలు ఎండకి పెళుసెక్కి విరిగిపోయినా మా బుట్ట ఇంకా వాడకంలోనే ఉంటుంది.

పెందుర్తి_అత్తయ్య
వెదురిల్లు బాబూ, చల్లగా ఉండు. ఈ బేరాల మీద నాకు ఎప్పటినుంచో మనసులో ఉంది. మాల్‌లో బిల్లు చూసి నోరెత్తనివాళ్ళం, నేల మీద కూర్చున్న మనిషి దగ్గర పది రూపాయలకి గంట సేపు వాదిస్తాం. ఇది మానాలి.

ఉప్పుగాలి
వెదురిల్లు గారూ, చాలా థాంక్స్. నిన్న కొన్న బుట్ట తిరగేసి చూశాను, సగానికి పైగా లోపలి బద్దే. ఒక సందేహం. ముదురు వెదురు మీకు దొరుకుతోందా? ఫారెస్ట్ వాళ్ళ పర్మిట్ టెన్షన్ ఉంటుందని విన్నాను.

వెదురిల్లు
అడవి వెదురుకు నిబంధనలు ఉంటాయి మేడం. అయితే 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెంచిన వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేశారు. రైతు గట్టు మీద పెంచిన వెదురు కొట్టడానికి, తరలించడానికి ఆ చట్టం కింద పర్మిట్ అక్కర్లేదు. మాకు అది మేలే చేసింది. కష్టమల్లా గట్ల మీద వెదురు పొదలు తగ్గిపోవడమే. లేఅవుట్లు పడ్డచోట మొదట కొట్టేసేది వాటినే.

మట్టివాసన
కుండల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. వైజాగ్‌లో చాలామంది కుండ కొని, నీళ్ళు చల్లబడట్లేదు, మోసం చేశారు అంటారు. పాపం కుమ్మరి తప్పేం లేదు. కుండ గోడల్లోంచి నీరు చెమ్మగా బయటికి వచ్చి ఆవిరైతేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి. మన గాలిలో తేమ ఎక్కువ, ఆవిరి కావడం నెమ్మదిగా జరుగుతుంది. అదే కుండ అనంతపురంలో పెడితే ఇంకా చల్లగా ఉంటుంది. ఇక్కడ చేయాల్సింది ఏమిటంటే, కుండను మూలన కాకుండా గాలి ఆడే కిటికీ దగ్గర, నాలుగు పక్కలా గాలి తగిలేలా స్టాండ్ మీద పెట్టాలి. పెయింట్ వేసిన కుండ కొనకూడదు, ఆ రంగు సన్న రంధ్రాలను మూసేస్తుంది. నెలల తరబడి వాడాక చల్లదనం తగ్గితే, నీళ్ళలోని ఉప్పు పేరుకుందని అర్థం. కొబ్బరి పీచుతో రుద్ది ఎండలో బాగా ఆరబెట్టండి.

వంట దాకకైతే ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, తర్వాత బియ్యం గంజి పోసి సన్న సెగ మీద కాచాలి. గంజి రంధ్రాల్లో పట్టుకుంటుంది. తర్వాత కూడా ఒక్కసారిగా పెద్ద మంట పెట్టొద్దు. కాగిన దాకను తడి బండ మీద దించారంటే అంతే సంగతులు. సబ్బు ముట్టనీయొద్దు. మట్టి సబ్బును పీల్చుకుంటుంది, రేపటి పులుసులో ఆ వాసన వస్తుంది. శనగపిండి, కొబ్బరి పీచు చాలు.

ఉప్పుగాలి
మా పిల్ల ప్లాస్టిక్ వంట సెట్టు బదులు లక్కపిడతలు కొందామని ఆన్‌లైన్‌లో ఏటికొప్పాక బొమ్మలని పేరున్న సెట్టు తెప్పించాను. తడి గుడ్డతో తుడిస్తే గుడ్డకి ఎరుపు అంటుకుంది. ఇవి అసలువేనా?

అడ్డరోడ్డు
కావు అమ్మా. లక్క నీళ్ళకి కరగదు. అది మామూలు రంగు పూసిన బొమ్మ. పిల్ల నోట్లో పెట్టుకోనివ్వకండి, వెనక్కి పంపేయండి.

మాది ఏటికొప్పాకే. అసలు బొమ్మ ఎలా తయారవుతుందో తెలిస్తే నకిలీని మీరే పట్టేస్తారు. వరాహ నది ఒడ్డున మా ఊరు. మొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, నారలు లేకుండా ఉంటుంది. దాన్ని బాగా ఆరబెట్టి, ముక్కలుగా కోసి లేత్ మీద, అంటే కర్రను గిర్రున తిప్పే యంత్రం మీద, బిగించి తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తిరుగుతుండగా చెక్కుతారు కాబట్టి ప్రతి భాగమూ గుండ్రమే. మూలలు, మొనలు ఉండవు. చంటిపిల్లలకి గుచ్చుకోదనే మాట ఊరికే రాలేదు.

రంగు బ్రష్‌తో వేయరు. లక్క పురుగు మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద పెట్టే జిగురే లక్క. దాన్ని వేడి చేసి, రంగు కలిపి, సాగదీసి కడ్డీలా చేస్తారు. తిరుగుతున్న బొమ్మకి ఆ కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఆ తర్వాత ఎండిన మొగలి ఆకును మడిచి తిరిగే బొమ్మ మీద అదుముతారు. అప్పటిదాకా మసకగా ఉన్న రంగు మొగలి ఆకు తగలగానే ఒక్కసారిగా అద్దంలా తేలుతుంది. దగ్గర నిలబడితే లక్క వేడెక్కిన వాసన వస్తుంది. మీ పిల్లని తీసుకొచ్చి ఒక్కసారి ఈ పని చూపించండి, కళ్ళు తిప్పుకోదు.

పసుపుతో పసుపు రంగు, నీలితో నీలం, ఆ రెండూ కలిపితే ఆకుపచ్చ, జాఫ్రా గింజలతో నారింజ. ఈ సహజ రంగుల పద్ధతిని మా ఊళ్ళో మళ్ళీ నిలబెట్టింది సి.వి. రాజు గారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో జీఐ, అంటే ఫలానా చోటి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, దక్కింది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలదే, రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి గెలిచింది.

ఇప్పుడు గుర్తుపట్టడం. అసలు బొమ్మను వెలుతురులో తిప్పితే చుట్టూ సన్నటి వలయాలు కనిపిస్తాయి. రంగు పలచగా, కర్రలో కలిసిపోయినట్టు ఉంటుంది. పెయింట్ అయితే మందంగా, అంచుల్లో కారినట్టు, గోకితే పెచ్చులుగా లేస్తుంది. మరీ కళ్ళు జిగేల్‌మనే గులాబీ, ఫ్లోరోసెంట్ రంగులుంటే సహజ రంగులు కాదని అనుకోండి. ఒక జాగ్రత్త ముఖ్యం. శానిటైజర్‌తో, స్పిరిట్‌తో తుడవకూడదు. లక్క నీళ్ళకి కరగదు గానీ ఆల్కహాల్‌కి కరుగుతుంది. కరోనా టైమ్‌లో చాలా ఇళ్ళలో మంచి బొమ్మలు అలాగే జిడ్డు పట్టిపోయాయి. తడి గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డతో తుడిస్తే చాలు. మండుటెండలో, స్టవ్ పక్కన పెట్టొద్దు.

కంచరపాలెం_కుర్రాడు
అన్నా, బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అన్నారు కదా. మరి వీటి మీద ఆ మార్కు ఉండదు. పిల్లలకి ఇవ్వడం సేఫేనా అని మా ఆవిడ అడుగుతోంది.

అడ్డరోడ్డు
మంచి ప్రశ్న. 2021 జనవరి 1 నుంచి ఆ నియమం అమల్లోకి వచ్చింది. అయితే హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసిన బొమ్మలకు, జీఐ కింద నమోదైన వాటికి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి మార్కు లేకపోవడం తప్పు కాదు. కానీ మార్కు లేదు కాబట్టే నకిలీ వాళ్ళు చేతిపని అని చెప్పి ఏదైనా అమ్మేస్తున్నారు. అందుకే చేసినవాళ్ళ దగ్గరో, ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షి షోరూమ్‌లోనో కొనండి. కొనేటప్పుడు సహజ రంగులేనా అని నోరు తెరిచి అడగండి. ఊళ్ళో రసాయన రంగులు వాడేవాళ్ళూ ఉన్నారు, దాచాల్సిన పని లేదు. చవగ్గా అడిగే కొద్దీ అవే తయారవుతాయి.

సీతమ్మధార_నర్సు
ఇంట్లో చేసుకునే వాటి గురించి ఒక మాట. ఆముదం దీపం పెట్టి, పైన రాగి పళ్ళెం బోర్లించి, మసి గీకి నేతిలో రంగరించి కాటుక చేయడం మా ఇంట్లోనూ ఉంది. చూడముచ్చటైన పని. కానీ చంటిపిల్లల కంట్లో మాత్రం పెట్టకండి. ఇంట్లో చేసిందైనా మసి, వేలి మురికి కలిసి ఇన్ఫెక్షన్ రావచ్చు. బజారు కాటుకల్లో కొన్నిటిలో సీసం కూడా ఉంటుంది. దిష్టి చుక్క కావాలంటే అరికాలికి పెట్టండి. సున్నిపిండి, కుంకుడు రసం నిశ్చింతగా వాడుకోవచ్చు. కుంకుడు కంట్లో పడితే మాత్రం వెంటనే నీళ్ళతో కడగాలి.

అరకు_దారి
కుంకుళ్ళు, షీకాయ, తేనె, కొండ చీపుర్లు కావాలంటే గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, దుకాణాలు చూడండి. 1956లో మొదలైన సంస్థ, హెడ్ ఆఫీసు మన విశాఖలోనే. కొండల్లో గిరిజనులు సేకరించినవి కొంటారు.

కొండ చీపురు కొత్తలో నూగు రాలుస్తుందని చాలామంది విసుక్కుంటారు. అది గడ్డి పూత. ఇంట్లోకి తేకముందే డాబా మీద గోడకి నాలుగు దెబ్బలు కొట్టి, దువ్వెనతో ఒకసారి దువ్వితే పోతుంది. తడి నేల మీద వాడకండి, కుచ్చు ముద్దైపోతుంది. తడికీ, వాకిలికీ కొబ్బరి ఈనెల చీపురే సరి.

పుట్టినరోజులకు థర్మోకోల్ ప్లేట్లు తెచ్చేవాళ్ళకి ఒక విన్నపం. 2022 జూలై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు నిషేధం. వాటి బదులు అడ్డాకు విస్తళ్ళు తెచ్చుకోండి. తూర్పు కనుమల్లో చెట్లకు అల్లుకునే పెద్ద తీగ అది. ఆకు కొన దగ్గర రెండుగా చీలినట్టు, బాగా వెడల్పుగా ఉంటుంది. మా వైపు ఆడవాళ్ళు పొద్దున్నే వెళ్ళి కోసుకొచ్చి, ఎండబెట్టి, పుల్లలతో కుడతారు. ఎండిన విస్తరి పెళుసుగా ఉంటుంది, వడ్డించే ముందు నీళ్ళు చిలకరించి కాసేపు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంచితే మెత్తబడుతుంది. పప్పుచారు పోసినా కారదు. చిన్నపిల్లలకి పెట్టేటప్పుడు మాత్రం పుల్లలు ఊడకుండా చూసుకోండి.

శ్రీకాకుళం_కోడలు
మా అత్తగారి వైపు బుడితి అనే ఊళ్ళో చేసే ఇత్తడి, కంచు సామాను ఉంది. కంచు గిన్నెలో పెరుగన్నం తింటే ఇంకో గిన్నె వద్దనిపిస్తుంది. ఇత్తడి గిన్నెల్లో వండేవాళ్ళు లోపల తగరం కళాయి ఉందో లేదో చూసుకోండి. కళాయి అరిగి పసుప్పచ్చగా కనిపిస్తే చింతపండు పులుసు, రసం పెట్టకూడదు. కళాయి వేసేవాళ్ళ కోసం పూర్ణా మార్కెట్ వైపు పాత్రల కొట్లలో వాకబు చేయండి. తువ్వాళ్ళకి, దుప్పట్లకి పొందూరు ఖద్దరు వైపు కూడా ఒక చూపు వేయండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ పళ్ళతో ఏకుతారు, అంత సన్నటి పని.

పాత నూలు చీరలు ఉంటే బొంత కుట్టించండి. పాలిస్టర్ కలిపితే పొరలు జారిపోతాయి. నూలు మాత్రమే.

మట్టివాసన
ఇంత మంచి సామాను కొనుక్కుపోయి షోకేసులో పెట్టేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. షోకేసులో పెట్టిన కుండ ఒక్కసారే అమ్ముడవుతుంది. వాడే ఇంటికి ఏడాదికో రెండేళ్ళకో ఇంకోటి కావాలి. కుమ్మరికి చక్రం తిరిగేది ఆ రెండో కుండతోనే.

వెదురిల్లు
సరిగ్గా చెప్పారు. ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు నాలుగు రోజులు అమ్మకాలు బాగుంటాయి, తర్వాత ఖాళీ. మాకు కావాల్సింది నెల నెలా వచ్చే ఇళ్ళు.

ఇక్కడ చేతిపనివాళ్ళ ఇళ్ళ పిల్లలు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం ఒకటి రాస్తున్నా. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కుమ్మరి, బుట్ట, చాప, చీపురు అల్లేవాళ్ళు, బొమ్మలు చేసేవాళ్ళు అందులోకి వస్తారు. ట్రైనింగ్ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల వరకు అప్పు. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. మా నాన్నలాంటివాళ్ళకి ఫోన్లో ఇవన్నీ చేయడం రాదు, పిల్లలే కూర్చుని కామన్ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాలి.

కంచరపాలెం_కుర్రాడు
వెదురిల్లు అన్నా, మీ మాటల తర్వాత ఇంట్లో మాట్లాడుకున్నాం. ఈసారి చేట, కూరగాయల బుట్ట పైపొర బద్దతో చేసినవే తీసుకుంటాం. బేరం ఆడం. మా అమ్మ దగ్గర పాత గంప ఒకటి ఉంది, అంచు మొత్తం ఊడిపోయింది. దాన్ని పారేయాలా, బాగవుతుందా?

వెదురిల్లు
పారేయొద్దు. అడుగు గట్టిగా ఉంటే కొత్త బద్దతో అంచు కట్టి ఇస్తారు, కొత్త గంపలో చిన్న వంతు ఖర్చవుతుంది. మీ దగ్గర్లో బుట్టలు అమ్మేవాళ్ళని అడగండి, చాలామంది రిపేర్ చేస్తారు, ఎవరూ అడగరు కాబట్టి చెప్పరు. తీసుకెళ్ళే ముందు గంపను ఒక పూట నీళ్ళలో ఉంచండి. ఎండిన బద్దను వంచితే విరుగుతుంది, నానితే మాట వింటుంది.

ఉప్పుగాలి
మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఐదారు ఇళ్ళవాళ్ళు కూడా చేటలు, బుట్టలు కావాలంటున్నారు. వెదురిల్లు గారూ, అందరి లెక్కా రాసి పంపుతాను. తొందరేం లేదు, ముదురు వెదురు దొరికినప్పుడే అల్లించండి. అడ్వాన్స్ ఎంతో చెప్పండి, అది ఈ వారమే పంపిస్తాం.

పెందుర్తి_అత్తయ్య
గుజ్జు పూయడం ఎవరికైనా చేసి చూపించాలంటే నాకు చెప్పండి, నేను వస్తాను. మెంతులు మాత్రం ముందు రాత్రే నానబెట్టి ఉంచండి.